ఇంట్లో కట్టిన ట్రైక్‌లో స్టీరింగ్ వెళ్లి రేడియేటర్‌కి తగులుతుంటే ఎలా సరిచేయాలి

ట్రైక్, అంటే మూడు చక్రాల బండి, కట్టేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "బండి నిలబడింది, ఇంజన్ స్టార్టయింది, అంతా బాగానే ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మాత్రం టై రాడ్ వెళ్లి రేడియేటర్‌ని రాసుకుంటోంది. ఏం చేయమంటారు?" టై రాడ్ అంటే స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ. ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు రెండు చక్రాలు, వెనక ఒక చక్రం ఉండే బండి గురించే ఎక్కువగా చెబుతాను. విశాఖలో నేను చూసిన ఇంటి ట్రైకులు చాలావరకు ఈ తరహావే. ముందు భాగం పాత మారుతి 800ది, వెనక భాగం పల్సర్ ఎన్ఎస్200దో డ్యూక్ 390దో. ముందు ఒకే చక్రం ఉన్న బండికి వేరే చిక్కులున్నాయి, వాటిని చివర్లో చూద్దాం.

అసలు గొడవ ఎక్కడ మొదలవుతుందంటే, మారుతి 800లో స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగి టై రాడ్లను నెట్టే పళ్ల కడ్డీ) ముందు యాక్సిల్ గీతకు వెనక ఉంటుంది. ట్రైక్‌లో సరిగ్గా అక్కడే మీ పాదాలు, పెడళ్లు వస్తాయి. కాళ్లకు చోటు చాలక ర్యాక్‌ని ముందుకు జరుపుతారు. ముందు రేడియేటర్ ఉంటుంది. ఇక రెండూ ఒకే జానెడు చోటు కోసం కొట్టుకుంటాయి.

ఈ తగవులో తగ్గాల్సింది రేడియేటరే. టై రాడ్ ఎత్తు, పొడవు, కోణం మీ ఇష్టానికి మార్చేవి కావు. కొంచెం మార్చినా గుంటలో దిగినప్పుడల్లా చక్రం తనంతట తానే పక్కకు తిరుగుతుంది. రేడియేటర్ అలా కాదు. దాన్ని వాల్చొచ్చు, పక్కకు పెట్టొచ్చు, ఒకటి తీసేసి రెండు చిన్నవి పెట్టొచ్చు, సీటు వెనక్కి పంపొచ్చు. కింద రాసిన పద్ధతంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం రిజిస్టరైన బండి మూలస్వరూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. పూర్తిగా కొత్తగా కట్టిన బండైతే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 126వ నిబంధన కింద గుర్తింపు పొందిన సంస్థలో నమూనా పరీక్ష కావాలి. ఇంట్లో కట్టిన ఒక్క బండికి అది అయ్యే పని కాదు. కాబట్టి దీన్ని ఎన్ఏడీ జంక్షన్‌కో బీచ్ రోడ్డుకో తీసుకెళ్లకండి. కాలేజీ ప్రాంగణం, ఫ్యాక్టరీ ఆవరణ, ఆనందపురం వైపు ఇంకా ఇళ్లు పడని వెంచర్లలో యజమాని అనుమతితో లోపలి రోడ్లు, ఇవి చాలు.

కావలసినవి

- జాకీ, నాలుగు స్టాండ్లు. ఇటుకల మీద, హాలో బ్రిక్స్ మీద బండి నిలబెట్టి కిందకి దూరొద్దు. అవి చెప్పకుండా పగులుతాయి.
- 25 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న ఇనుప పట్టీ ఒక మీటరు
- థర్మోకోల్ షీట్లు, అట్ట, బ్రౌన్ టేపు
- పిల్లలు ఆడుకునే రంగుల క్లే
- వెర్నియర్, టేపు, రసమట్టం, సుద్దముక్క, మార్కర్
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, నల్ల ఇన్సులేషన్ టేపు
- కూలెంట్, డీమినరలైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు
- రబ్బరు బుష్‌లు, ఎం8, ఎం10 (8, 10 మి.మీ.) బోల్టులు, నైలాక్ నట్లు (అదురుకు వదులు కానివి), కొత్త స్ప్లిట్ పిన్నులు
- మీ బరువుకు బదులు సీట్లో పెట్టడానికి ఏదైనా. 50 కిలోల సిమెంటు బస్తా, 20 లీటర్ల నీళ్ల క్యాన్ కలిపితే 70 కిలోలు దాటుతుంది, చాలామందికి సరిపోతుంది.

లేత్ పని, ఆర్గాన్ వెల్డింగ్, రేడియేటర్ పని గాజువాక ఆటోనగర్‌లో దొరుకుతాయి. అక్కడికి వెళ్లేది కొలతలన్నీ తీసుకున్నాకే. బండి చూపించి "ఏదో ఒకటి చెయ్యండి" అంటే నిజంగానే ఏదో ఒకటి చేసి పంపిస్తారు.

1. ముందు బండి ఎత్తు ఖాయం చేయండి

సీట్లో బరువు పెట్టండి. పెట్రోలు నింపండి. టైర్లలో మీరు నడపబోయే గాలే ఉండాలి. బండిని ముందుకీ వెనక్కీ నాలుగడుగులు నెట్టి సస్పెన్షన్‌ని కుదురుకోనివ్వండి. అప్పుడు చక్రం మధ్య నుంచి ఛాసిస్‌లో ఒక గుర్తు దాకా ఎంతుందో కొలిచి, ఆ అంకెను ఛాసిస్ మీదే మార్కర్‌తో రాసుకోండి. ఇక నుంచి అదే మీ సున్నా. ఖాళీ బండిని స్టాండు మీద పెట్టి, చక్రాలు వేలాడుతుండగా తీసిన కొలతలు ఎందుకూ పనికిరావు. అప్పుడు టై రాడ్ కిందికి వాలి ఉంటుంది కాబట్టి రేడియేటర్‌కి బోలెడు దూరంగా కనిపిస్తుంది.

2. ర్యాక్ దిశ సరిచూడండి

వెనక ఉండాల్సిన ర్యాక్‌ని యాక్సిల్‌కి ముందు పెట్టి, నకిల్ (చక్రాన్ని పట్టుకుని దాంతోపాటు తిరిగే దిమ్మ) చేతుల్ని, అంటే టై రాడ్ తగిలించే చోట్లను, కూడా ముందుకు తిప్పితే స్టీరింగ్ తిరగబడుతుంది. కుడికి తిప్పితే చక్రాలు ఎడమకు పోతాయి. నవ్వకండి, వెల్డింగ్ అంతా అయిపోయాక ఈ సంగతి కనిపెట్టినవాళ్లున్నారు. చక్రాలు పైకి లేపి ఒకసారి తిప్పి చూస్తే తేలిపోతుంది.

ర్యాక్‌ని తలకిందులుగా బిగిస్తే దిశ సరవుతుంది. అయితే పినియన్ (ర్యాక్‌ని కదిపే చిన్న పళ్ల చక్రం) రెండో వైపుకు పోతుంది, స్టీరింగ్ కాలమ్ యూ జాయింట్ల (వంపుల దగ్గరుండే కీళ్ల) కోణాలు మళ్లీ చూసుకోవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. చేతులు ముందుకు రావాలని కుడి నకిల్ ఎడమకు, ఎడమది కుడికి మార్చేస్తారు. అప్పుడు మలుపులో లోపలి చక్రం ఎక్కువ తిరగాల్సింది పోయి, బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది. తక్కువ వేగంలోనే టైర్లు కీచుమని ఈడ్చుకుంటాయి. చేయి ముందుకున్నప్పుడు టై రాడ్ బాల్ జాయింట్ కింగ్ పిన్ గీతకు (చక్రం ఎడమకు కుడికి తిరిగే నిలువు ఇరుసుకు) బయటి వైపు, అంటే చక్రం వైపు ఉండాలి. 12 అంగుళాల రిమ్ములో అక్కడ బ్రేకు ఉంటుంది, చోటుండదు.

అందుకే నా ఓటు ర్యాక్‌ని వెనకే ఉంచడానికి. పెడళ్లను కొంచెం పైకి ఎత్తి, పాదాలు ర్యాక్ మీదుగా పోయేలా రేకు మూత వేయండి. కాళ్లు చాపుకుని కూర్చునే బండిలో ఇది ఇబ్బందిగా ఉండదు. ఇలా చేస్తే సగం మందికి మిగతా పనితో అవసరమే పడదు. ఛాసిస్ ఇప్పటికే వెల్డ్ చేసేసి ఉంటే కింది మెట్లకు రండి.

3. షాక్ అబ్జార్బర్లు తీసి, వాటి స్థానంలో పట్టీ పెట్టండి

స్ప్రింగు ఉండగా చక్రాన్ని చివరిదాకా పైకి నొక్కలేరు. అందుకే చాలామంది నొక్కకుండానే "తగలట్లేదు" అనేసుకుంటారు.

డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనొకటి, కిందొకటి చేతులతో పట్టే ఏర్పాటు) కట్టి బైకు షాకులు వాడినవాళ్లకు పని తేలిక. ఇనుప పట్టీకి ఒక చివర ఒక రంధ్రం, రెండో వైపు మూడు రంధ్రాలు వేయండి. ఉదాహరణకు మీ షాక్ పూర్తిగా తెరుచుకుంటే కన్ను నుంచి కన్నుకు 320 మి.మీ., కదలిక 70 మి.మీ. అనుకుందాం. రంధ్రాలు 320 దగ్గర ఒకటి, 250 దగ్గర ఒకటి పడతాయి. మధ్యది మొదటి మెట్టులో కొలిచిన ఎత్తుకు సరిపడే చోట, సుమారు 295 దగ్గర వస్తుంది. షాక్ లోపలి బంప్ రబ్బరును లెక్కలోకి తీసుకోకండి. గట్టి గుంటలో అది పూర్తిగా నలిగిపోతుంది.

మారుతి 800 స్ట్రట్లే (స్ప్రింగు, షాకు కలిసి ఒకటిగా ఉన్నవి) ఉంచినవాళ్లు స్ప్రింగు మాత్రమే తీసి, స్ట్రట్ తిరిగి బిగించి, కింద నుంచి జాకీతో చక్రం ఎత్తాలి. జాగ్రత్త: స్ట్రట్ స్ప్రింగు నొక్కి ఉంటుంది. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పై నట్టు విప్పితే అది తుపాకీ గుండులా లేస్తుంది. ఆ పనికి మెకానిక్‌కి డబ్బులివ్వడం దండగ కాదు.

4. థర్మోకోల్‌తో రేడియేటర్ చేయండి

అసలు రేడియేటర్ పెట్టి చూడొద్దు. ఫిన్స్ (పలచటి రేకులు) నలుగుతాయి, దాన్ని కోయడం కుదరదు. థర్మోకోల్‌దైతే కోయొచ్చు, అతికించొచ్చు.

కోర్ (గాలి పోయే జాలీ భాగం) కొలత ఒక్కటే తీసుకుని ఊరుకుంటే లాభం లేదు. పక్క ట్యాంకులు, పైపు మూతులు, వాటి మీద ఎక్కే హోసు, క్లిప్పు స్క్రూ తల, కింద డ్రైన్ కాక్, పైన మూత, వెనక ఫ్యాను, దాని మోటారు బొడిపె కూడా అంటించాలి. చాలాసార్లు తగిలేది కోర్ కాదు, ఫ్యాను మోటారో కింది హోసు క్లిప్పో. మూత తిప్పి తీయడానికి చేయి పట్టే చోటు కూడా ఉంచుకోండి. బాడీ రేకు వేశాక మూత తీయలేని బండిని చూశాను. నీళ్లు పోయాలన్నా ముందు ముక్కు విప్పాలి.

5. పదకొండు స్థితుల్లో కొలవండి

ఎత్తులు మూడు: కింద, మధ్య, పైన. ప్రతి ఎత్తులో స్టీరింగ్ స్థితులు మూడు: పూర్తి ఎడమ, నేరు, పూర్తి కుడి. అవి తొమ్మిది. వీటికి ఒక చక్రం పైన, రెండోది కింద ఉన్న రెండు స్థితులు కలపండి. వెంచర్ రోడ్డులో ఒక పక్క గుంట వస్తే బండి సరిగ్గా అలాగే ఉంటుంది.

దగ్గరగా కనిపించే ప్రతిచోటా గోలీకాయంత క్లే ముద్ద అంటించండి. టై రాడ్‌కి అంటుకోకుండా దానికి కొంచెం నూనె రాయండి. స్టీరింగ్‌ని నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ముద్ద నలిగి ఎంత మందం మిగిలిందో బ్లేడుతో అడ్డంగా కోసి వెర్నియర్‌తో కొలవండి. అదే మీ అసలు ఖాళీ. కంటి అంచనా ఇక్కడ పనిచేయదు. తగిలే క్షణం చాలాసార్లు చివర్లో కాకుండా, తిరుగుతున్న దారి మధ్యలో వస్తుంది.

మిగలాల్సిన కనీస ఖాళీలుగా నేను పాటించేవి ఇవి:

- టై రాడ్‌కీ రేడియేటర్‌కీ మధ్య 20 మి.మీ. రబ్బరు బుష్‌ల మీద రేడియేటర్ కొన్ని మి.మీ. ఊగుతుంది, ఛాసిస్ కూడా మెలి తిరుగుతుంది.
- టైరుకీ మరి దేనికైనా మధ్య 25 మి.మీ. మలుపులో టైరు పక్కకు వంగుతుంది.
- కదిలే భాగానికీ నీళ్ల హోసుకీ, బ్రేకు హోసుకీ మధ్య 25 మి.మీ.
- సైలెన్సర్ బెండుకీ రబ్బరు హోసుకీ మధ్య 75 మి.మీ. అంత చోటు లేకపోతే మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం పెట్టండి.

6. స్టీరింగ్‌కి స్టాపర్ పెట్టండి

చాలా ఇంటి ట్రైకుల్లో స్టీరింగ్ ఎక్కడ ఆగాలో ఎవరూ నిర్ణయించరు. టైరో టై రాడో దేన్నో ఒకదాన్ని తగిలినప్పుడు ఆగుతుంది. నకిల్ దగ్గర ఎం10 బోల్టు, లాక్ నట్టుతో స్టాపర్ పెట్టండి. ర్యాక్ లోపలి చివర తగలకముందే అది ఆపాలి. లేదా ర్యాక్ బూటు (రబ్బరు తొడుగు) లోపల కాలర్ (కడియం) వేసి కదలిక తగ్గించొచ్చు.

ఎంత తగ్గించవచ్చు? నకిల్ చేయి 100 మి.మీ. ఉంటే, చక్రం 30 డిగ్రీలు తిరగడానికి ర్యాక్ 50 మి.మీ. కదలాలి. 25 డిగ్రీలకు 42 చాలు. అంటే రెండు పక్కలా 8 మి.మీ. కాలర్ వేస్తే ఐదు డిగ్రీలు తగ్గుతాయి. ముందు వెనక చక్రాల మధ్య దూరం 1800 మి.మీ. ఉన్న బండిలో, బయటి చక్రం 30 డిగ్రీలు తిరిగితే తిరుగుడు వ్యాసార్థం 3.6 మీటర్లు, 25 డిగ్రీలైతే 4.3 మీటర్లు. ఈ నష్టం భరించవచ్చు. ఇంకా తగ్గిస్తే ప్రతి మలుపులో దిగి బండి నెట్టుకోవాలి. ఎన్ఎస్‌కీ డ్యూక్‌కీ రివర్స్ గేరు లేదని మరిచిపోకండి.

చాలాసార్లు పదో పదిహేనో మి.మీ. లోటు ఈ స్టాపర్‌తోనే తీరిపోతుంది. రేడియేటర్‌ని కదపక్కర్లేదు.

7. అప్పటికీ చాలకపోతే రేడియేటర్‌ని కదపండి

ఏది ముందు ప్రయత్నించాలో ఆ వరసలోనే రాస్తున్నాను.

*ఫ్యాను ముందుకు.* వెనకున్న ఫ్యాను తీసి రేడియేటర్ ముందు పెడితే వెనక అరవై మి.మీ. దాకా ఖాళీ వస్తుంది. ఇంత చవకగా ఇంత చోటు మరెందులోనూ దొరకదు. వెనక నుంచి లాగే ఫ్యాను కన్నా ముందు నుంచి నెట్టేది కొంచెం తక్కువ పనిచేస్తుంది, ముందు నుంచి వచ్చే గాలికి కొంత అడ్డం కూడా. 200 సీసీ ఇంజన్‌కి మారుతి 800 రేడియేటర్ పెట్టినవాళ్లకు ఆ తేడా తెలియదు. వైర్లు తారుమారు చేసి పాత ఫ్యానునే వెనక్కి తిప్పకండి. రెక్కల వంపు ఒక దిశకే చేసి ఉంటుంది, గాలి సగం కూడా రాదు. నెట్టే రకమే కొనండి.

*వాల్చడం.* అందరూ మొదట ఇదే అంటారు, లెక్క వేసుకోరు. 350 మి.మీ. ఎత్తున్న రేడియేటర్‌ని 30 డిగ్రీలు వాలిస్తే ఎత్తు 303కి తగ్గుతుంది. 47 మి.మీ. లాభం. కానీ ముందు వెనకలుగా 175 మి.మీ. అదనంగా తింటుంది. కాబట్టి ఎటు వాల్చాలన్నది ర్యాక్ ఎత్తును బట్టి చూసుకోండి. ర్యాక్ కింద ఉంటే రేడియేటర్ తల వెనక్కి వాలి ర్యాక్ మీదుగా పోవాలి. ర్యాక్ పైన ఉంటే రేడియేటర్ అడుగు వెనక్కి, ర్యాక్ కిందికి పోవాలి. రెండోదానిలో నేలకు ఎంత ఎత్తుందో చూసుకోండి, స్పీడ్ బ్రేకర్లు ఊరుకోవు.

*పైపు మూతి మార్చడం.* తగిలేది కోర్ కాకుండా హోసు మూతి ఒక్కటే అయితే, పాత రకం ఇత్తడి రేడియేటర్లో మూతిని కరిగించి వేరే చోట అతికించే పనివాళ్లున్నారు. ప్లాస్టిక్ ట్యాంకులున్నదానికి ఈ వైద్యం లేదు.

*రెండు చిన్నవి.* మధ్యలో ఉన్న పెద్దదాన్ని తీసేసి, ముందు చక్రాల వెనక రెండు పక్కలా రెండు బైకు రేడియేటర్లు. చోటు గొడవ పూర్తిగా పోతుంది. కానీ హోసులు, జాయింట్లు రెట్టింపవుతాయి, చక్రాలు విసిరే రాళ్లు నేరుగా వచ్చి తగులుతాయి. ముందు జాలీ తప్పనిసరి.

*సీటు వెనక.* ఇంజన్ పక్కనే కాబట్టి హోసులు పొట్టివైపోతాయి, అది పెద్ద సుఖం. అక్కడ గాలి తనంతట తాను రాదు. పక్క నుంచి గాలి పట్టే తొట్టి, మంచి ఫ్యాను లేకపోతే నిలబడిన ప్రతిసారీ వేడెక్కుతుంది.

ఏం చేసినా ఇవి మాత్రం చేయొద్దు. టై రాడ్‌ని వేడి చేసి వంచొద్దు. టై రాడ్‌ని కోసి వెల్డ్ చేయొద్దు. ర్యాక్ బిగింపును "ఒక్క అర అంగుళమే కదా" అని పైకో కిందికో జరపొద్దు. టై రాడ్ ఎండ్‌ని బయటికి విప్పి పొడవు సర్దుతుంటే, ఎం12 మర అయితే కనీసం 18 మి.మీ. మర లోపల ఉండాలి. రేడియేటర్ తూట్లు పడితే నీళ్లు పోతాయి. టై రాడ్ విరిగితే బండి చేతిలో ఉండదు.

8. బిగించండి

రేడియేటర్‌ని ఛాసిస్‌కి నేరుగా బోల్టు చేస్తే ఛాసిస్ మెలి తిరిగిన ప్రతిసారీ ట్యాంకు అతుకు చీలుతుంది. కింద రెండు రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టి, పైన రెండు రబ్బరు బుష్‌లతో పట్టుకోండి. అల్యూమినియం రేడియేటర్ లోహపు భాగం ఛాసిస్‌కి ఎక్కడా తగలకూడదు, ఫ్యాను ఎర్త్ వైరు రేడియేటర్‌కి బిగించకూడదు. కరెంటు నీళ్లలోంచి పోతే లోపలి నుంచి తినేస్తుంది.

ముందు నుంచి వెనక ఇంజన్ దాకా మొత్తం రబ్బరు హోసే వాడకండి. మధ్య దూరానికి అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ గొట్టం, రెండు చివర్లా పొట్టి హోసులు. గొట్టం చివర చిన్న ఉబ్బు కొట్టించాలి, నున్నగా ఉంటే ఒత్తిడికి హోసు జారిపోతుంది. రేడియేటర్ నుంచి పంపుకు వెళ్లే హోసును పంపు లాగుతుంది. మెత్తటిదైతే ఎక్కువ ఆర్పీఎంలో నొక్కుకుపోయి నీళ్లు ఆగిపోతాయి, లోపల స్ప్రింగు ఉన్నదే తీసుకోండి. హోసులన్నీ బిగించాక అయిదో మెట్టు మళ్లీ చేయండి. థర్మోకోల్‌తో తగలనిది అసలు హోసు వంపు దగ్గర తగలవచ్చు.

9. గాలికి దారి చూపండి

రేడియేటర్ చుట్టూ సందులుంటే గాలి కోర్‌లోంచి రాదు, సందుల్లోంచి పోతుంది. ముక్కు రేకుకీ రేడియేటర్‌కీ మధ్య ఫోమ్ పట్టీ లేదా రబ్బరు బీడింగ్‌తో నాలుగు వైపులా మూసేయండి. వచ్చిన గాలి బయటికి పోవడానికి, లోపలికి వచ్చే దారి కన్నా పెద్ద దారి ఉండాలి. చక్రాల పక్కల నుంచో ముక్కు మూత పైనుంచో వదలండి. దారి ఇవ్వకపోతే అంతా మీ మోకాళ్ల మీదకే వస్తుంది, మే నెలలో తెలుస్తుంది.

ఫ్యానుకు రిలే, ఫ్యూజు విడిగా పెట్టండి. బైకు స్విచ్చు మీద నేరుగా నడపొద్దు. ఫ్యాను వేసి రేడియేటర్ ముందు ఏ4 కాగితం పట్టుకోండి. వెనక ఫ్యానైతే కాగితం కోర్‌కి అతుక్కుని నిలబడాలి. జారిపోతే దిశ తప్పో, సందులున్నాయో. ముందు ఫ్యానైతే కాగితం వెనక వైపు పట్టి, ఎగరగొడుతోందా చూడండి.

10. నీళ్లు పోయండి, గాలి తీయండి

ట్రైక్‌లో రేడియేటర్ ముందు కింద, ఇంజన్ వెనక పైన. రేడియేటర్ మూత దగ్గర నిండినట్టే కనిపిస్తుంది, ఇంజన్ హెడ్‌లో మాత్రం గాలి బుడగ కూర్చుని ఉంటుంది. "కొత్త రేడియేటర్ వేసినా వేడెక్కుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. మూత ఉన్న మెడను మొత్తం వ్యవస్థలోకెల్లా ఎత్తైన చోట విడిగా పెట్టించండి. అది కుదరకపోతే జాకీతో బండి ముక్కును బాగా పైకెత్తి, నెమ్మదిగా పోస్తూ, మూత తీసే ఉంచి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, హోసుల్ని చేత్తో నొక్కుతూ బుడగలు ఆగేదాకా ఉండండి. నీళ్లు పొంగడం మొదలైతే మూత పెట్టేయండి.

కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు. మన తీరం బోర్లలో ఉప్పు ఎక్కువ. కూలెంట్, డీమినరలైజ్డ్ నీళ్లు సగం సగం కలపండి. ఇక్కడ నీళ్లు గడ్డకట్టే చలి లేకపోయినా తుప్పు మందు కోసం అది కావాలి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కింద ఒలికితే కడిగేయండి, వీధి కుక్కలు నాకుతాయి.

రేడియేటర్ మూత మీద ఒత్తిడి అంకె 0.9 అని ఉంటే 0.9 దే మళ్లీ వేయండి. ఆ ఒత్తిడిలో నీళ్లు సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు పోతే 100కే మరుగుతాయి. వేడి ఇంజన్ మీద ఆ మూత తీయొద్దు, ముఖం కాలుతుంది.

ఈ దశలో ఎవరో ఒక మెకానిక్ తప్పకుండా అంటాడు: "థర్మోస్టాట్ పీకేద్దాం సార్, మనకి సలి ఏటుంటాది?" వద్దని చెప్పండి. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వు అది. తీస్తే ఇంజన్ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పైగా అసలు లోపం ఎక్కడుందో కనిపించకుండా పోతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

*స్టీరింగ్.* షాకులు తిరిగి బిగించాక, చక్రాలు పైకి లేపి ఒక్క వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఎక్కడా బిగుసుకోకూడదు. యూ జాయింట్ కోణాలు తప్పితే ప్రతి అర చుట్టుకూ ఒకసారి బరువనిపిస్తుంది.

తర్వాత, గుంటలో చక్రం పక్కకు తిరుగుతోందేమో చూడాలి. ఇందుకు మూడో మెట్టులోలాగే షాకులు మళ్లీ విప్పాల్సి వస్తుంది, బద్ధకించకండి. స్టీరింగ్‌ని నేరుగా కట్టేసి, రెండు ముందు టైర్ల మధ్య దూరాన్ని ముందు వైపు, వెనక వైపు కొలవండి. చక్రాలను 50 మి.మీ. పైకి లేపి మళ్లీ కొలవండి. రెండు కొలతల మధ్య తేడా రెండు మూడు మి.మీ. దాటి మారితే ర్యాక్ ఎత్తు తప్పింది. ఇది రేడియేటర్ కోసం ర్యాక్ జరిపినవాళ్ల బండ్లలో కనిపిస్తుంది.

చివరికి, దగ్గరగా ఉన్న ప్రతిచోటా తెల్ల పెయింటు చుక్క పెట్టి నెమ్మదిగా నడపండి. పెయింటు గీసుకుపోయినా, టైరు పక్కన మెరుస్తున్న గీత కనిపించినా ఇంకా తగులుతున్నట్టే.

*కూలింగ్.* రేడియేటర్ లోపలికొచ్చే పైపు మీద, బయటికి పోయే పైపు మీద నల్ల టేపు ముక్కలు అంటించి, థర్మామీటర్‌తో వాటినే కొలవండి. మెరిసే అల్యూమినియం మీద నేరుగా కొలిస్తే అంకె చాలా తక్కువ చూపిస్తుంది. ఇంజన్ వేడెక్కి ఫ్యాను నడుస్తున్నప్పుడు ఈ రెంటి మధ్య ఐదు నుంచి పది డిగ్రీలు తేడా ఉంటే బాగున్నట్టు. తేడా చాలా ఎక్కువుంటే నీళ్లు నెమ్మదిగా పారుతున్నాయి: గాలి బుడగ, నలిగిన హోసు, పాడైన పంపు చూడండి. రెండూ వేడిగా ఉండి తేడా దాదాపు లేకపోతే నీళ్లు పారుతున్నాయి, గాలే తగలడం లేదు.

నిలబడినప్పుడు వేడెక్కి, పరుగెడితే చల్లబడుతుంటే లోపం ఫ్యానుది. నిలబడినప్పుడు బాగుండి, పరుగులో వేడెక్కితే గాలి బయటికి పోయే దారి మూసుకుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది. ఈ పరీక్ష మధ్యాహ్నం ఎండలో చేయండి. ఉక్కపోత సంగతి వదిలేయండి, రేడియేటర్‌కి చెమట పట్టదు, దానికి కావాల్సింది గాలి ఎంత చల్లగా ఉందన్నదే.

ముందు ఒకే చక్రం ఉన్న బండికి

ఇక్కడ టై రాడ్ లేదు, తగిలేది టైరు, మడ్‌గార్డు, ఫోర్కు కాళ్లు. ఫోర్కు స్ప్రింగులు తీసి, చివరిదాకా నొక్కి, ఎడమకూ కుడికీ తిప్పి చూడండి. ఫోర్కు వాలు వల్ల నొక్కినకొద్దీ టైరు పైకే కాదు, వెనక్కి కూడా వస్తుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. ఇంజన్ వెనక ఉన్న బండ్లలో రేడియేటర్‌ని ఫ్రేము పక్కకో సీటు కిందకో పంపడం మేలు. అక్కడే ఉంచాలంటే వెడల్పు తక్కువ, మందం ఎక్కువ ఉన్నది ఎంచుకుని, ఫ్రేము గొట్టాల మధ్యలోనే సర్దండి. ఫోర్కు తిరుగుడు ఆపే కొమ్ములు అరిగిపోయాయేమో చూడండి. యాక్సిలరేటర్ కేబుల్, బ్రేకు హోసు చివరిదాకా తిప్పినప్పుడు బిగుసుకుంటున్నాయేమో కూడా చూడండి. కేబుల్ బిగిస్తే మలుపులో బండి తనంతట తానే రేజ్ అవుతుంది.

నడిపాక

మొదటి 50 కిలోమీటర్ల తర్వాత హోసు క్లిప్పులు ఒకసారి బిగించండి, కొత్త రబ్బరు కుదించుకుంటుంది. టై రాడ్ ఎండ్ నట్లకు స్ప్లిట్ పిన్నులు ఉన్నాయో లేదో చేత్తో తాకి చూడండి. ఒకసారి విప్పిన పిన్ను మళ్లీ వాడొద్దు, పెట్టె కొంటే రూపాయిల్లో పని. సముద్రం దగ్గర ఇల్లున్నవాళ్లు, బండి కదలకుండా షెడ్డులోనే ఉన్నా సరే, రేడియేటర్‌ని నెలకోసారి మంచినీళ్లతో, వెనక నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గర పెట్టి కొడితే ఫిన్స్ అన్నీ పడుకుంటాయి.